ఆ గౌను నూలుదే

పద్మనగర్‌లో తెల్లవారిందని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆరింటికి పాళీ మారుతుంది. రాత్రి పాళీ వాళ్లు ఒళ్లు విరుచుకుంటూ బయటికొస్తారు, పగటి పాళీ వాళ్లు లోపలికెళ్లి బటన్ నొక్కుతారు, గల్లీ మొత్తం టకటకమంటూ ఊగిపోతుంది. ఇక్కడివాళ్లు ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే నిద్రపోతారు. అది ఆగితేనే, కరెంటు పోయిందేమోనని ఉలిక్కిపడి లేస్తారు.

దీపావళి రేపనగా, ఆ ఉదయం ఆగయ్య ఎప్పటిలాగే కార్ఖానా మెట్టు మీద కూర్చుని చాయ్‌లో ఖారీ బిస్కట్టు ముంచుకుంటున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదిహేడేళ్లప్పుడు ఈ భివండికి వచ్చాడు. ఇక్కడి కనేరి పేటలో ముప్పై ఏళ్లు పరాయివాళ్ల సాంచాలు నడిపాడు. సాంచాలంటే మరమగ్గాలే, కానీ ఆ పుస్తకాల మాట ఇక్కడ ఎవరి నోటా రాదు. ఆ తర్వాత కింద ఆరు సాంచాలు, పైన రెండు గదులు తనవంటూ చేసుకున్నాడు. ఇప్పుడవి కొడుకు భూషణ్ చూసుకుంటున్నాడు. ఇంట్లో ముసలామె కనకవ్వ, కోడలు జమున, ఐదో తరగతి చదివే మనవరాలు కాజల్. అంతే సంసారం. చిన్న కొడుకు, కోడలు పూనం కాల్హేర్‌లో వేరే ఉంటారు.

"కాకా, చాయ్ అయ్యిందా? జర ఈ కాగితం చూడు" అంటూ దత్తాత్రి వచ్చాడు. ఆ గల్లీ మండలికి అతనే పెద్ద. నవరాత్రి నుంచి దీపావళి దాకా అతని కాలు నేల మీద నిలవదు.

"ఏం కాగితమయ్యా?"

"పటాకల రూల్సు. పోలీసు చౌకీల మీటింగ్ పెట్టి చేతుల పెట్టిండ్రు. రాత్రి ఎనిమిది నుంచి పదింటి దాకనే కాల్చాలె. గ్రీన్ పటాకలు తప్ప వేరేవి తేవద్దు. దండలుగ కట్టిన లడీలు బంద్. కార్ఖానాల గల్లీల అగ్గిపుల్ల గీకినా కేసే. పోరగాండ్లు అందరు స్కూల్ గ్రౌండ్లకు పోయి కాల్చుకోవాలె. ఆడ నీళ్ల డ్రమ్ములు, ఇసుక బకెట్లు మనమే పెట్టాలె."

"మంచిదే గద. నిరుడే పెట్టాల్సింది."

"మంచిదే. కానీ కాగితం చదివితే ఎవలు వింటరు చెప్పు? అందుకే ఇయ్యాల ఆరింటికి మార్కండేయ గుడి హాల్ల అందరిని పిలుస్తున్న. నువ్వు మాట్లాడాలె కాకా."

"నేనా? నేనేం మాట్లాడుత?"

"నిరుడు కాజల్‌ను కాపాడినవ్ గదా! బట్ట ఎట్ల కప్పినవ్, మంట ఎట్ల ఒత్తినవ్, పోరగాండ్లకు చేసి చూపియ్యి. రేపు ఎవలకన్న బట్టలంటుకుంటే గట్లనే చేస్తరు. నీకు శాలువ గూడ తెచ్చిన. కాదనకు."

దత్తాత్రి ఎంత సంబరంగా వచ్చాడో అంత సంబరంగా వెళ్లిపోయాడు. చేతిలోని ఖారీ నాని, తెగి, చాయ్‌లో పడింది. ఆగయ్య దాన్ని తీయలేదు. గ్లాసు అలాగే మెట్టు మీద పెట్టి, రెండు అరచేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు.

అసలు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. ఆయన ఏడాదిగా దాచింది చాలు, నేను కూడా దాస్తే ఏం బాగుంటుంది?

నూలు నేసే రోజుల్లో కార్ఖానా నిండా దూది నలుసులు ఎగిరేవి. మోటారు దగ్గర చిన్న నిప్పురవ్వ లేచిందా, ఆ నలుసులు భగ్గుమనేవి. అప్పుడు నీళ్లు తెచ్చేవాడు వెర్రివాడు. మోటారు మీద పడితే షాకు, పడుగు చుట్టిన బీము మీద పడితే వెయ్యి పోగులూ పాడు, సేటు ప్రాణం తీస్తాడు. అందుకని ఏ పనివాడైనా భుజం మీది బట్ట లాగి మంట మీద కప్పేవాడు, అరచేతులతో గట్టిగా ఒత్తేవాడు. గాలి అందక మంట చచ్చేది. ఈ పనిలో ఆగయ్యకు కనేరిలో పెద్ద పేరు. "ఆగయ్య ఉన్న కార్ఖానాకు అగ్గి భయం లేదు" అనేవారు. అలా ముప్పై ఏళ్లు ఆయన చేతులు ఒకటే నేర్చుకున్నాయి. మంట కనిపిస్తే బట్ట కప్పాలి. నీళ్ల సంగతి ఆ చేతులకు తెలియదు.

నిరుడు దీపావళి సాయంత్రం, దీపాలు పెట్టిన కాసేపటికి, కాజల్ ఒక చిచ్చుబుడ్డి వెలిగించింది. అది కాస్త చుర్రుమని ఆరిపోయింది. ఆరిపోయినదాన్ని అలాగే వదిలేసి నీళ్లు చల్లాలని ఆ పసిదానికి ఎవరు చెప్పారు? మళ్లీ అంటించడానికి వంగింది. అది ఒక్కసారిగా పేలి గౌను ఎడమ చేతి దగ్గర అంటుకుంది. మెట్టు మీద కూర్చున్న ఆగయ్య ఒక్క ఉదుటున లేచి, భుజం మీది బట్ట లాగి, మనవరాలి చేతికి చుట్టి, గుండెకు అదుముకుని ఒత్తాడు. మంట ఆరింది. గల్లీ అంతా ఆయనకు దండం పెట్టింది.

కానీ ఆ బట్ట నూలుది కాదు. భూషణ్ అంతకు రెండేళ్ల ముందే సాంచాలన్నిటినీ పాలిస్టర్‌కు మార్చాడు. ఆగయ్య భుజం మీద ఉన్నది ఆ మధ్యాహ్నం తెగిన పాలిస్టర్ ముక్క. వేడికి అది బెల్లం పాకంలా కరిగి పిల్ల చేతి మీదికి, మెడ మీదికి దిగింది. అది చూసి బెదిరిపోయి ఆయన లాగాడు. బట్టతో పాటు చర్మం వచ్చింది. పది అడుగుల దూరంలో, పొద్దున జమున నింపి పెట్టిన డ్రమ్ము నిండా నీళ్లున్నాయి.

దవాఖానాలో డాక్టరు లోపలికి పిలిచినప్పుడు ఎదురుగా ఉన్నది ఆగయ్య ఒక్కడే. భూషణ్ మందులకు పరుగెత్తాడు, జమున వరండాలో స్పృహ లేకుండా పడి ఉంది. ఒంటి మీది గౌను నూలుదే, అది కాలి బూడిదైపోయిందని, పైన కప్పిన బట్టే కరిగి లోతుకు దిగిందని డాక్టరు చెప్పాడు. అది కప్పిందెవరని అడిగాడు. నీళ్లు పోసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నాడు. ఆగయ్య తల వంచుకుని బయటికొచ్చాడు. ఎదురుగా భూషణ్.

"డాక్టరేమన్నడు బాపూ?"

"గౌను కరిగిందట బిడ్డా."

మూడే మూడు మాటలు. ఎందుకన్నాడో ఆ క్షణంలో ఆయనకే తెలియదు. తెల్లవారి మనవరాలు కళ్లు తెరిచి, చుట్టూ చేరినవాళ్లతో, "నన్ను మా తాత బతికించిండు" అంది. ఇక ఆ మాట తుడిచేసే ధైర్యం ఆయనకు లేకపోయింది. తర్వాత కట్లు కట్టిన డాక్టర్లు వేరు. ఎలా కాలిందని అడిగిన ప్రతివాళ్లకూ ఇంట్లోవాళ్లు గౌను సంగతే చెప్పారు. బడి మొదలయ్యాక కాజల్ 'మాఝే ఆజోబా' అని తాత మీద మరాఠీలో వ్యాసం రాసి చప్పట్లు కొట్టించుకుంది. అది విన్న రోజు ఆగయ్యకు అన్నం సయించలేదు.

మరి ఆ గౌను కొన్నదెవరు? జమున. ఆమెది షోలాపూర్, అక్కడా మగ్గాల ఇల్లే. కళ్యాణ్ బజారులో దుకాణదారుణ్ణి మూడుసార్లు అడిగి మరీ నూలు గౌను తెచ్చింది. అయినా ఏం లాభం? నేసేవాళ్ల ఇంటి ఆడపిల్లకు నూలేదో నైలానేదో తెలియలేదన్న మాట ఏడాదిగా ఆమె నెత్తిన కూర్చుంది. అత్త మొహం మీదే అంటుంది, మొగుడు అనకుండా అంటాడు. ఆమె కూడా నమ్మేసింది. దుకాణదారుడు మోసం చేశాడని, తాను సరిగ్గా చూసుకోలేదని. కాజల్ చేతికి నూనె రాసేటప్పుడు ఆమె మొహం చూస్తే రాయికైనా జాలి వేస్తుంది. ఆగయ్య చూసేవాడు, చూసి కిందికి దిగిపోయేవాడు.

ఆ రోజు మాత్రం దిగిపోవడానికి దారి లేకపోయింది.

పన్నెండింటికి ఆయన అన్నానికి పైకొచ్చేసరికి వంటగదిలో అరిసెల పాకం వాసన. కనకవ్వ కొత్త నోము కుండకు పసుపు రాస్తోంది. దీపావళికి కేదారేశ్వర నోము వాళ్లకు పెద్ద పండుగ. ఇరవై ఒక్క పోగుల దారం, ఇరవై ఒక్క అరిసె, ఇరవై ఒక్క తమలపాకు. ఇంటి పెద్ద కోడలే నోము పట్టాలి. కాజల్ గడప దగ్గర కూర్చుని రంగోలి పొట్లాలు విప్పుకుంటోంది. ఎండ మండిపోతున్నా పిల్లకు పొడుగు చేతుల జుబ్బానే.

"ఓ భూషణ్, పూనంకు ఫోన్ కొట్టు" అంది కనకవ్వ, కుండ మీంచి తల ఎత్తకుండా. "రేపు పొద్దుగాలనే కాల్హేర్ నుంచి రమ్మను. ఈసారి నోము అది పడ్తది."

గరిటె తిప్పుతున్న జమున చెయ్యి ఆగిపోయింది. "ఎందుకత్తమ్మా? పదకొండేండ్ల సంది నేనే పడుతున్న గద."

"పట్టినవ్. నిరుడు గూడ నువ్వే పట్టినవ్. నోము దారం కట్టుకున్న చెయ్యితోటే ఆ గౌను తొడిగినవ్. ఏమయ్యిందో పిల్ల చెయ్యి చూస్తే తెల్వదా?"

"నేను నూలుదే అడిగిన. మూడుసార్లు అడిగిన."

"అడిగితే అయితదా? పట్టి చూసుకోవద్దా? మగ్గాల ఇంట్ల పుట్టినవ్, మగ్గాల ఇంటికొచ్చినవ్. కండ్లు మూసుకొని ముట్టుకున్నా తెల్వాలె. నీ చెయ్యి అచ్చిరాలె. ఇగ ఊకో."

భూషణ్ ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "పండుగ పూట లొల్లి ఎందుకే అమ్మా" అన్నాడు గొణిగినట్టు. తర్వాత పెళ్లాం వైపు తిరిగి, "నువ్వన్న జర సమజ్ చేస్కో. ఒక్క ఏడు పూనం పడితే ఏమైతది?" అన్నాడు.

జమున స్టవ్ ఆపేసింది. కొంగుతో చేతులు తుడుచుకుని లోపలి గదిలోకి వెళ్లింది. బీరువా తెరిచిన చప్పుడు, మంచం కింద నుంచి బ్యాగు లాగిన చప్పుడు వినిపించాయి. కాసేపటికి గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఏడవడం లేదు. ఏడిస్తే కాస్త నయంగా ఉండేది.

"నేను షోలాపూర్ పోతున్న. కాజల్‌ను తోల్కపోతున్న. నా చెయ్యి మంచిది గాదన్న ఇంట్ల నేను దీపం ముట్టియ్య."

"పండుగ ముందట ఇల్లిడిసి పోతవా? నలుగురేమంటరు?" కనకవ్వ లేచి నిలబడింది.

"ఏడాది సంది అంటనే ఉన్నరు గదత్తమ్మా. పోయే ముందట ఒక్కటి తెల్సుకొని పోత." జమున నేరుగా ఆగయ్య దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో పసుపుపచ్చ పట్టీ ఒకటి ఉంది, మూరెడు పొడుగు. "మామా, ఆ గౌనుకు నడుము పట్టీ ఉండె. తొక్కుకొని పడ్తదని ఆ పొద్దున నేనే కత్తిరించి తీసిన. గప్పటి సంది బీరువాల ఉన్నది. ఒక్క పోగు తీసి కాల్చి చూస్తే అయిపోతుండె. నాకు ధైర్యం రాలె. నైలానే అని తేలితే నేనెట్ల బతకాలె? నువ్వు చూడు. ఈ ఇంట్ల నన్ను ఒక్క మాట అనంది నువ్వొక్కనివే. నా బిడ్డను కాపాడింది గూడ నువ్వే. నువ్వు ఏది చెప్తే అది నమ్ముత."

ఆగయ్య పట్టీ అందుకున్నాడు. కాల్చడమెందుకు? బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టగానే తెలిసిపోయింది. నలభై కౌంటు నూలు, చక్కటి నేత. ఇప్పుడూ ఇంకో మూడు మాటలు చాలు. నైలాను కలిపి నేశారమ్మా అంటే నమ్మేస్తుంది. బ్యాగు తీసుకుని వెళ్లిపోతుంది. సాయంత్రం శాలువా కప్పించుకుని తాను ఇంటికి రావచ్చు. మనవరాలు ఎక్కడున్నా తాతను దేవుడనే అనుకుంటుంది. ఈ ఆలోచన వచ్చినందుకు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా పట్టీని వేళ్ల మధ్య నలుపుతూనే ఉన్నాడు.

"ఏందయ్యా, నోట్ల ఏం పెట్టుకున్నవ్? ఇటియ్యి" అని కనకవ్వ పట్టీ లాక్కుంది. అంచు నుంచి ఒక పోగు పీకి స్టవ్ వెలిగించి మంటకు చూపించింది. పోగు సర్రున కాలిపోయింది. కాగితం కాలిన వాసన. వేళ్ల మధ్య నలిపితే పొడి బూడిద. నైలాను గాని, పాలిస్టరు గాని అయితే చివర గట్టిగా ఉండ కడుతుంది, ఆ ఇంట్లో అది తెలియనివాళ్లు లేరు. కనకవ్వ నమ్మలేక ఇంకో పోగు పీకింది. మూడోది పీకింది. మూడూ బూడిదే.

"ఇది నూలే" అంది కనకవ్వ. గొంతులో ఇందాకటి జోరు లేదు. "పక్కా నూలే. మరి... మరి దవాఖానల ఏం కరిగిందన్నరు?"

కింద సాంచాలు మాత్రం టకటకమంటున్నాయి.

"నా భుజం మీది బట్ట" అన్నాడు ఆగయ్య.

"ఏంది బాపూ?"

"నేను కప్పిన బట్ట కరిగిందిరా. పాలిస్టర్ ముక్క. మంట కనపడంగనే చెయ్యి భుజం మీదికి పోయింది. ఏం బట్టనో చూడలె. నూలనుకున్న గూడ లేదు, అసలు ఏం అనుకోలె. ఒత్తిన. అంటుకుంటే గుంజిన. డాక్టర్ నాకు ఆ రాత్రే చెప్పిండు, గౌను నూలుదేనని, కరిగింది పైన కప్పిందేనని. నీళ్లు పోస్తే గింత అయ్యేది గాదన్నడు. నేనే అబద్ధం చెప్పిన నీకు."

భూషణ్ మొహంలో రక్తం లేదు. "ఏడాది! ఏడాది సంది దీన్ని నేను... బాపూ, నేను దీనితోటి సక్కగ మాట్లాడక ఏడాది అయితున్నది. నీకెర్కే గద? చూస్తనే ఉన్నవ్ గద?"

"చూసిన."

"చూసి ఎట్ల ఊకున్నవ్?"

ఆగయ్య గడప వైపు చూశాడు. రంగోలి పొట్లం చేతిలో పట్టుకుని కాజల్ కదలకుండా కూర్చుని ఉంది. "అది కండ్లు తెరవంగనే, తాత బతికించిండన్నది" అన్నాడు. "ఆ మాట పోతదని భయపడ్డ. పైసలకు గాదు, పరువుకు గాదు. ఆ ఒక్క మాటకే నా కోడలి మెడకు ఉరి బిగిస్తుంటే చూసుకుంట కూసున్న." ఆయన కోడలి వైపు తిరిగాడు. "జమునా, అమ్మా... నీకు దండం పెట్టుడు గూడ తప్పే. ఏ మొహం పెట్టుకొని పెట్టాలె?"

కనకవ్వ ఉన్నచోటనే చతికిలబడింది. పసుపు చేతులు చీరకు అంటుకుంటున్నా చూసుకోలేదు. ఏడాదిగా తాను అన్న ప్రతి మాటా ఆమెకు ఇప్పుడు వరసపెట్టి గుర్తొస్తున్నట్టుంది.

జమున వంగి, నేల మీద పడ్డ పట్టీని తీసుకుంది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూసింది. "నూలే" అంది నెమ్మదిగా. "నేను నూలే తెచ్చిన." అంతవరకే. ఆ తర్వాత గోడకు ఆనుకుని కిందికి జారి, పట్టీని మొహానికి అదుముకుని ఏడ్చింది. దవాఖానాలో కూడా అలా ఏడవలేదు. కడుపులో ఏడాదిగా గడ్డకట్టిందంతా కరిగి వస్తుంటే ఆమె ఒళ్లంతా ఊగిపోయింది. భూషణ్ దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె ఆ చెయ్యి తీసేసింది.

"రాత్రిపూట కాజల్ నిద్రల మూల్గితే, నేను లేచి గా చెయ్యి పట్టుకునేదాన్ని మామా" అంది ఏడుపు మధ్యలో. "నా చేతుల్తోటి నేనే కాల్చిననుకునేదాన్ని. నువ్వు పక్క గదిలనే పండేటోనివి. నీకు వినపడలేదా?"

"వినపడేది బిడ్డా" అన్నాడు ఆగయ్య.

కనకవ్వ లేచింది. నోము కుండను రెండు చేతులతో ఎత్తి తెచ్చి కోడలి ముందు పెట్టింది. "నేను పాపిష్టిదాన్ని జమునా. ఇది నీదే. నువ్వే పట్టాలె" అంది. జమున కుండ వైపు చూసింది గానీ ముట్టుకోలేదు. "ఇప్పుడు నన్ను ఏం అడగకత్తమ్మా" అంది.

నాలుగున్నరకు భూషణ్ తండ్రి దగ్గరికి వచ్చాడు. "బాపూ, దత్తాత్రికి జ్వరమని చెప్పొస్త. నువ్వు హాల్లకు పోకు. ఇంట్ల సంగతి ఇంట్లనే ఉండనీ."

"అవునయ్యా, ముసలితనంల ఊరి ముందట ఎందుకు?" అంది కనకవ్వ.

"పోవాలె" అన్న మాట లోపలి గదిలోంచి వచ్చింది. జమున మొహం కడుక్కుని గుమ్మంలో నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి. "ఈ గల్లీల ఏ ఇంట్ల చూసినా పాలిస్టరే. ప్రతి మొగోని భుజం మీద గదే బట్ట. మామ చేసిందే కరెక్టని అందరు అనుకుంటున్నరు. రేపు ఇంకో పిల్లకు అంటుకుంటే ఇంకెవలో గదే కప్పుతరు. నా బిడ్డకైంది చాలు. పోవాలె మామా. పోయి చెప్పాలె."

ఆగయ్య లేచి చొక్కా వేసుకున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చేతులు సహకరించలేదు. కాజల్ లేచి వచ్చి ఒక్కొక్క గుండీ పెట్టింది. తాత మొహంలోకి మాత్రం చూడలేదు.

గుడి హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పిల్లలు, వెనక ఆడవాళ్లు, గోడల పొడుగునా భుజాల మీద తుండు ముక్కలతో పాళీ దిగిన మగవాళ్లు. దత్తాత్రి మైకు పట్టుకుని రూల్సన్నీ చదివాడు. ఎనిమిది నుంచి పది. గ్రీన్ పటాకలే. గల్లీల్లో వద్దు, గ్రౌండులోనే. పెద్దవాళ్లు పక్కనుండాలి. ఆరిపోయిన పటాకను మళ్లీ ముట్టించకూడదు, దాని మీద నీళ్లు పోసి వదిలేయాలి. వింటున్నవాళ్లు సగం, ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు సగం. "ఇగ మన ఆగయ్య కాక" అనగానే మాత్రం హాలంతా చప్పట్లు కొట్టింది. దత్తాత్రి ఎర్ర శాలువా విప్పాడు.

ఆగయ్య ఆ శాలువా కొంగు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇది గూడ పాలిస్టరేరా దత్తాత్రి" అన్నాడు. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. శాలువా మడిచి బల్ల మీద పెట్టేశాడు.

"నేను నా మనవరాలిని కాపాడలేదు" అన్నాడు మైకులో. "కాల్చిన."

ఫోన్లు చూసేవాళ్లు కూడా తలలెత్తారు. ఆయన చెప్పాడు, దాచకుండా మొత్తం చెప్పాడు. కనేరి సాంచాలు, భుజం మీది ముక్క, పాకంలా కరిగిన బట్ట, లాగితే వచ్చిన చర్మం, పది అడుగుల్లో ఉన్న డ్రమ్ము, దవాఖానాలో ఆడిన అబద్ధం. "నా కోడలు నూలు గౌనే తెచ్చింది. తప్పు నాది. ఏడాది సంది మోసింది ఆమె. మీరందరు గూడ ఆమెను అన్నరు, నాకెర్కే. ఇయ్యాల్టి నుంచి ఎవలన్న అనాలనుకుంటే నన్ను అనుండ్రి. ఇంకోటి. మీ భుజాల మీద ఉన్నది నూలు గాదు. మంట మీద కప్పకుండ్రి."

గోడ పక్కన నిలబడ్డ మగవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఒకతను భుజం మీది ముక్క తీసి, చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

"మరి ఏం చేయాలె కాకా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

దత్తాత్రి గొంతు సవరించుకుని కాగితం రెండో వైపు తిప్పాడు. ఇందాక అది చదవాలని కూడా అతనికి తోచలేదు. "పరుగెత్తొద్దు. మంట ఆరేటట్టు నేల మీద పొర్లాలె, నీళ్లు పొయ్యాలె. కాలిన చోట చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు పొయ్యాలె. అంటుకున్న బట్ట గుంజొద్దు. టూత్‌పేస్టు, పసుపు ఏం పెట్టొద్దు. దవాఖానకు తీస్కపోవాలె" అని చదివాడు.

"ఇరవై నిమిషాలా? గంతసేపు ఎవలు పోస్తరు?" అన్నాడొకడు. ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలూపారు.

అప్పుడు లేచింది కాజల్. పిల్లల వరసలోంచి నడిచొచ్చి, హాలు పక్కన కాళ్లు కడుక్కునే కుళాయి దగ్గర నిలబడింది. ఏడాదిగా నలుగురిలో ఎప్పుడూ ఎత్తని జుబ్బా చెయ్యిని భుజం దాకా పైకి మడిచింది. ముడుచుకుపోయి మెరుస్తున్న చర్మం అందరికీ కనిపించింది. ఆడవాళ్లలో ఎవరో అయ్యో అన్నారు.

"ఎంతసేపో నా చెయ్యి మీద పోసి చూద్దాం" అంది. "దత్తా కాకా, టైమ్ బఘా."

దత్తాత్రి ఏం చేయాలో తోచక గోడ గడియారం వైపు చూశాడు. ఆరూ నలభై. జమున జనంలోంచి దారి చేసుకుని వచ్చింది. బకెట్ నింపింది, మగ్గు ముంచింది, కూతురి చేతి మీద సన్నగా పోయడం మొదలుపెట్టింది. నయమైపోయిన చెయ్యి మీద, ఏడాది ఆలస్యంగా. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నీళ్లు మోచేతి మీంచి జారి బండల మీద పడుతున్న చప్పుడు తప్ప హాల్లో ఇంకేమీ లేదు. ఐదో నిమిషానికి కనకవ్వ బోరుమంది. ఏడో నిమిషానికి భూషణ్ వచ్చి ఖాళీ అయిన బకెట్ తీసుకుని నింపి పెట్టాడు. ఈసారి జమున అతని చేతిని తోసేయలేదు.

ఆగయ్య బల్ల దగ్గరే నిలబడి చూస్తున్నాడు. ఎంత తేలిక పని! ఒక బకెట్, ఒక మగ్గు, ఇంకాస్త ఓపిక. ఆ రోజు అక్కడ అన్నీ ఉన్నాయి. ఆయన కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి కారిపోతున్నా తుడుచుకోలేదు.

"తాతా" అని కాజల్ పిలిచింది. మధ్యాహ్నం నుంచి అదే మొదటి పిలుపు. "అమ్మకు చెయ్యి నొస్తున్నది. నువ్వు రా."

జమున తలెత్తి మామ వైపు చూసింది. ఆ చూపులో క్షమించానన్నది లేదు, పొమ్మన్నది కూడా లేదు. కాసేపు అలాగే చూసి, నీళ్లతో నిండిన మగ్గును ఆయన వైపు చాచింది. ఆగయ్య తడబడుతూ వచ్చి, రెండు చేతులతో అందుకుని, మనవరాలి పక్కన బండ మీద కూర్చున్నాడు. మగ్గు ఒక్కసారే వంచేసరికి సగం నీళ్లు నేల మీద పోయాయి.

"మెల్లగ పొయ్యి మామా" అంది జమున. "ఇంకా పన్నెండు నిమిషాలున్నయి. ఆపకు."